దారం బాబాయి వేసిన వీధి

మా వీధి సెలూన్‌లో కుర్చీ వెనక గోడకు ఒక బొమ్మ ఉంది. మా వీధి బొమ్మే. మిట్టమధ్యాహ్నపు ఎండ, మూసిన కిటికీ తలుపులు, రెండు పక్కలా బారుగా పోయే పాత గోడలు. ఒక్క మనిషి లేడు, ఒక్క కుక్క లేదు. జుట్టు కత్తిరించుకోవడానికి కూర్చున్నవాళ్ళు దాన్ని ముందు అద్దంలో చూస్తారు. పని అయ్యాక మెడ మీది వెంట్రుకలు దులుపుకుంటూ వెనక్కి తిరిగి అసలు బొమ్మను చూస్తారు. ఆ తర్వాత ఏదో ఒకటి అనకుండా ఎవరూ గుమ్మం దిగరు.

అది ఒంటరితనం అంటారు బడి పంతులుగారు. మనిషి లోపలి నిశ్శబ్దాన్ని వీధి చేసి చూపించారట. అదేం కాదు, బస్సుల సమ్మె రోజు అయ్యుంటుంది అంటాడు కండక్టరు పని చేసి మానుకున్న ఒకాయన. సెలూన్ మామ కత్తెర ఆడిస్తూనే, "నాకు మాత్రం బేరాల్లేని రోజు కనిపిస్తుంది. ఎండాకాలమంతా ఇదే బొమ్మ," అంటాడు.

ఆ బొమ్మ వేసింది దారం బాబాయి. ఫ్రేము కట్టింది నేను. నా వడ్రంగం షెడ్డు సెలూన్‌ని ఆనుకునే ఉంది కాబట్టి దాని మీద వచ్చిన వ్యాఖ్యానాలన్నీ రంపం చప్పుడుతో కలిపి విన్నవాణ్ణి. బాబాయిని అడిగితే మాత్రం ఒకటే జవాబు.

"మనుషులెందుకు లేరు బాబాయ్?"

"మనుషులు కదులుతారురా. కదిలేవాటికి దారం కొట్టలేం."

దారం అంటే బోర్డులు రాసేవాళ్ళ దారం. సుద్దపొడి అద్దిన నూలు దారాన్ని బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు బిగించి, మధ్యలో వేళ్ళతో పైకి లాగి వదిలితే, టప్‌మని తెల్లటి గీత పడుతుంది. ఆ గీత మీద అక్షరాలు కూర్చుంటాయి. అందరు బోర్డు రాతగాళ్ళూ చేసేదే. కానీ బాబాయి జేబులో ఆ ఉండ లేకుండా వీధిలోకి వచ్చిన రోజు లేదు. సంబంధాలు చూస్తానంటూ వెనకటికి వాళ్ళక్క వెంటపడితే, "దారం కొట్టి చూశానక్కా, ఒక్కటీ తిన్నగా లేదు," అని తప్పించుకున్నాడు. అలా ఒంటిగాడిగానే ఉండిపోయాడు.

ఆ అక్కే మా రొట్టెలత్త. వీధి మధ్యలో ఉన్న బేకరీ ఆమెది. తండ్రి పోయాక, పెళ్ళై ఈ వీధికి వచ్చిన అక్క వెంటే బాబాయి కూడా వచ్చాడు. బేకరీలో పిండి బస్తాలు మోసేవాడు. అక్షరాలు అక్కడే నేర్చుకున్నాడు. రొట్టెలు చేసే బల్ల మీద పలచగా పిండి చల్లి, వీధిలో చూసి వచ్చిన బోర్డుల్లోని అక్షరాలను వేలితో దిద్దేవాడు. బాగా రాకపోతే అరచేత్తో చెరిపి మళ్ళీ. గురువు లేడు, పుస్తకం లేదు. పక్క వీధి మందుల షాపు బోర్డే ఆయన పెద్దబాలశిక్ష.

మొదట రాసిన బోర్డు అక్క బేకరీదే. నిచ్చెన దిగి చూస్తే అక్షరాలన్నీ ఒక పక్కకు జారిపోయాయి. "అవన్నీ పొయ్యిలోకి నడుచుకుంటూ పోతున్నాయిరా తమ్ముడూ," అని నవ్వింది అక్క. నవ్వి ఊరుకోలేదు. పిండి బస్తా కుట్టు విప్పి దారం లాగి, దాన్ని పిండిలో పొర్లించి, ఒక కొస తను పట్టుకుని ఇంకో కొస తమ్ముడికిచ్చి, బోర్డు మీద కొట్టించింది. బాబాయికి దారం అబ్బింది ఆ రోజే. ఆ రెండో రాత ఇప్పటికీ బేకరీ మీద ఉంది. దాని కింద లెవెల్ గొట్టం పెట్టి చూశాను. బుడగ మధ్యలో నుంచి కదల్లేదు.

ఆయన పనితనంలో ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దాని మీదే నిలబడి ఉంది. అక్షరం గోడ నుంచి లేచి నిలబడినట్టు కనబడాలంటే పక్కన నీడ వెయ్యాలి. మిగతావాళ్ళు ఎక్కడైనా కుడి కిందికే వేసేవారు. బాబాయి అలా కాదు. బోర్డు ఏ షాపుదో ఆ షాపు ముందు నిలబడి, ఎండ ఎటు నుంచి వస్తుందో చూసి, నీడను దానికి అవతలి వైపు పడేలా వేసేవాడు. అందుకే మా వీధిలో ఎడమ వరస బోర్డుల నీడలు ఒక పక్కకు, కుడి వరసవి ఇంకో పక్కకు ఉంటాయి. నీడకు ఏనాడూ దారం వాడలేదు. "అక్షరానికి దారం, నీడకి కన్ను," అనేవాడు. పని గురించి ఆయన చెప్పిన మాటల్లో ఇంతకంటే పొడుగైనది నేను వినలేదు.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. పొద్దున్న ఆర్డరిస్తే సాయంత్రానికి బోర్డు. బాబాయి ఎవరినీ తిట్టలేదు. "రెండు వానలకి వెలిసిపోతాయి, వాటి పని అవి చేసుకుంటాయి," అన్నాడు. చేతిలో పని తగ్గిన ఆ రోజుల్లోనే, ఎవరో తెరుస్తామని తెరవకుండా పోయిన షాపు కోసం కోయించిన ప్లైవుడ్ పలక ఒకటి మిగిలితే, డబ్బాల అడుగున ఉన్న రంగులు కలిపి, సెలూన్ మెట్ల మీద కూర్చుని ఈ వీధి బొమ్మ వేశాడు. మళ్ళీ ఇంకో బొమ్మ వెయ్యలేదు. "ఒకటి కుదిరింది కదా," అన్నాడు.

అది వేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఇదుగో, ఈ మధ్య వానలకు ముందు, దాని వల్లనే వీధి రెండుగా చీలినంత పని అయింది.

క్రితం వానల్లో ఊళ్ళో వేరే చోట ఒక పాత గోడ కూలింది. దాంతో ఈసారి ముందుగానే మునిసిపాలిటీ నుంచి ఒక ఇంజనీరమ్మ పాత వీధులన్నీ చూసుకుంటూ వచ్చింది. చిన్న వయసే. సంచిలో గోడ నిలువు చూసే తూకం గుండు, టేపు, చిన్న సుత్తి. బేకరీ గోడ దగ్గర ఆగిపోయింది. ఆ గోడ మధ్యలో వీధిలోకి పొంగి ఉంటుంది. పిల్లలు దాన్ని పొట్టగోడ అంటారు. పొంగిన చోట లోపల బేకరీ పొయ్యి ఉంది. ఇంజనీరమ్మ పైనుంచి గుండు వేలాడదీసింది, గోడకు చెవి ఆనించి పిడికిలితో తట్టింది, చూరు కింద ఉన్న సన్నటి బీటలో గోరు పెట్టి చూసింది. పని తెలిసిన మనిషే అనుకున్నాను.

"ఈ పొంగు ముందు నుంచీ ఉందా, మధ్యలో వచ్చిందా అండీ?" అని అడిగింది.

"నేను కాపురానికొచ్చేసరికే ఉందమ్మా," అంది రొట్టెలత్త, చేతుల పిండి కొంగుకు తుడుచుకుంటూ. "మా అత్తగారూ అదీ పోటీగా ఉండేవాళ్ళు. ఆవిడ పోయింది, ఇది ఉంది."

ఇంజనీరమ్మ నవ్వి, మళ్ళీ గోడ వైపు చూసింది. "ముందు నుంచీ ఉన్నదైతే భయం లేదు. పొయ్యి చుట్టూ తిప్పి కట్టారనుకోవచ్చు. మధ్యలో వచ్చిందైతే మాత్రం వేడికి లోపలిది బయటికి తోస్తున్నట్టు లెక్క. వానలు పడకముందే దించెయ్యాలి."

"దించేస్తే నా పొయ్యి?"

"అదీ పోతుందండీ. గోడలో గోడగా ఉంది కదా."

"మళ్ళీ కట్టుకోవచ్చా?"

ఇంజనీరమ్మ టేపు చుట్టి సంచిలో పెట్టింది. "ఈ వీధుల్లో కొత్తగా కట్టెల పొయ్యికి అనుమతి లేదు. పాతవాటిని ఉండనిస్తున్నాం, అంతే."

అంటే గోడ పోతే పొయ్యి పోతుంది, పొయ్యి పోతే బేకరీ పోతుంది. అత్త చేతులకు ఇంకే పనీ రాదు, ఆ వయసులో కొత్తది పెట్టుకునేదీ లేదు. చుట్టూ చేరినవాళ్ళందరికీ అది అర్థమైంది. పొట్ట మా చిన్నప్పటి నుంచీ ఉందని ఒకరు, మా తాతల నాటి నుంచీ ఉందని ఒకరు, అడగకముందే సాక్ష్యం చెప్పేశారు.

"మీరందరూ ఈవిడ రొట్టె తినేవాళ్ళే కదండీ," అంది ఇంజనీరమ్మ. "పాత ప్లాను ఏదైనా ఉందా? ఫొటో?"

ప్లాను లేదు. ఫొటో తీసుకునే తీరిక మా వీధిలో ఎవరికీ ఉండేది కాదు. సరే, ఆఫీసులో వెతికిస్తానని, మంచినీళ్ళ కోసం ఆమె సెలూన్ నీడలోకి వచ్చింది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకునే బొమ్మను చూసింది. చూస్తూనే ఉంది. గ్లాసు కింద పెట్టి దగ్గరికి వెళ్ళింది.

"ఇది ఈ వీధే కదా? ఎప్పటిది?"

"ఇరవై ఏళ్ళు పైమాటే," అన్నాడు బెంచీ మీద కూర్చున్న బాబాయి. "నేనే వేశాను. ఆ బేకరీ మా అక్కదే."

"ఇది బేకరీ గోడేనా? ఇందులో తిన్నగా ఉందే."

"తిన్నగా ఉంటే తిన్నగానే ఉంటుంది మరి."

"చూసే వేశారా? జ్ఞాపకం మీదా?"

బాబాయికి ఆ ప్రశ్న నచ్చలేదు. "ఇదుగో ఈ మెట్ల మీద కూర్చుని వేశానమ్మా. ఉన్నది ఉన్నట్టు. వెంట్రుకవాసి తేడా ఉంటే చూపించు, బ్రష్షు విరిచేస్తాను."

మామ కత్తెర ఆగిపోయింది. నేను షెడ్డులోంచి దగ్గాను. ఆయనకు అర్థం కాలేదు. తను వేసిన గీత గురించి మాట్లాడుతున్నాడు తప్ప, ఆ గీత మీద అక్క పొయ్యి ఉందన్న సంగతి తట్టలేదు. తట్టేసరికి ఆలస్యమైంది. ఇంజనీరమ్మ మెల్లగా అంది:

"అందరూ ఉందంటున్నారు. ఆవిడ చేతి కూడు తినే తమ్ముడు, మీరు మాత్రం లేదంటున్నారు. మీ వాళ్ళకి నష్టమని తెలిసీ చెప్పే మాటని నేను కాదనలేను కదండీ."

బాబాయి జేబులోని దారం ఉండను తడుముకున్నాడు. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ సాయంత్రం రొట్టెలత్త బేకరీ తలుపు దగ్గరగా వేసి నేరుగా సెలూన్ దగ్గరికి వచ్చింది.

"ఏరా, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం విన్నాను గానీ, గోడలు కూడా కొలుస్తారని ఇవాళే తెలిసింది."

"నేనేం కొలవలేదక్కా. అడిగింది, చెప్పాను."

"తప్పు వేశానని చెప్పు. ఒక్క మాట. నీ సొమ్మేం పోతుంది?"

"తప్పు వెయ్యలేదే! వెయ్యంది వేశానని ఎలా చెప్పను?"

"మరి ఆ పొట్ట ఎప్పుడొచ్చింది? నిన్న పొద్దున్నా?"

"ఏమో. నేను వేసినప్పుడు లేదు. తర్వాత వచ్చుంటుంది. మెల్లగా వచ్చినవి ఇంట్లోవాళ్ళకి కనబడవు."

"రోజూ ఆ పొట్టకి వీపు ఆనించి కూర్చుని టీ తాగుతావు కదరా!"

"అది ఇప్పటి సంగతి."

మామ కల్పించుకున్నాడు. "బావా, నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటావు సరే. ఆ కుందేలు మీ అక్కది."

"గోడ కోసం గీతని అబద్ధం అనమంటారా?" అన్నాడు బాబాయి. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఈ వీధిలో సగం బోర్డులు నావి. ఒకటి వంకర అని నేనే చెప్తే, మిగతావి ఎవడు నమ్ముతాడు?"

అత్త వెనక్కి తిరిగి బేకరీలోకి వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి క్యారియర్ మాత్రం టంచనుగా నా చేతికి ఇచ్చి పంపేది. రొట్టె మెత్తగానే ఉండేది, కూర వేడిగానే ఉండేది, మాటే లేదు. మామూలుగా అయితే బేకరీ గుమ్మం లోంచి "ఒరేయ్, చల్లారిపోతోంది రా!" అని వీధంతా వినబడేలా పిలిచేది. ఆ కేక లేకపోయేసరికి వీధి నిజంగానే బొమ్మలో వీధిలా అయింది. బాబాయి గడ్డం గీసుకోవడం మానేశాడు. దారం ఉండ మాత్రం జేబులోంచి తీసి చూసుకుంటూ ఉండేవాడు.

ఆఫీసులో పాత ప్లాను దొరకలేదు. ఒక పొద్దున్న కూలీలు కర్రలూ తాళ్ళూ దించారు. గోడకు ముందు ఆసరాలు పెట్టి, తర్వాత పైనుంచి విప్పుకుంటూ వస్తారట. ఇంజనీరమ్మ వాళ్ళకు ఎక్కడ ఏ కర్ర పెట్టాలో చెప్తోంది. రొట్టెలత్త ఆ రోజు కూడా పొయ్యి వెలిగించింది. "ఆఖరి వాయి కూడా మాడనివ్వను," అంది.

బాబాయి సెలూన్ బెంచీ మీద తల వంచుకుని కూర్చున్నాడు. మామకు విసుగొచ్చింది.

"బావా, ఈ గడ్డంతో నా షాపు ముందు కూర్చుంటే కత్తి మొద్దుబారిందనుకుంటారు. లేచి కుర్చీలోకి రా."

"నాకొద్దు."

ఎప్పుడూ వద్దనేవాడే. మామ గీసే చెవుల పక్క జుట్టు రెండు వైపులా ఒక్క మట్టంగా ఉండదని, బాబాయి ఇంట్లోనే చేతి అద్దం పెట్టుకుని తనే గీసుకునేవాడు. సెలూన్‌కి రోజూ వచ్చేవాడు కానీ ఆ కుర్చీలో కూర్చున్నది లేదు. ఆ రోజు మామ రెండు రెక్కలూ పట్టుకుని కూర్చోబెట్టేశాడు. మెడకు బట్ట కట్టి, ఒక చెంపకు నురగ పూశాడు.

బాబాయి అద్దంలోకి చూశాడు. అద్దంలో ఆయన భుజం మీదుగా బొమ్మ ఉంది, ఎడమ కుడి తారుమారై.

బోర్డు రాసేవాళ్ళకు ఇది తెలిసిన పద్ధతే. మన తప్పు మన కంటికి అలవాటై పోతుంది. బోర్డును అద్దంలో చూస్తే, ఎవరో కొత్తవాడు రాసినదానిలా కనబడి, తప్పు ఎగిరి వచ్చి తగులుతుంది. బాబాయి ప్రతి బోర్డుకూ చేతి అద్దం పట్టేవాడు. ఈ బొమ్మకు పట్టలేదు. వీధంత పొడుగు గీతలకు దారం కొట్టాక ఇంక తప్పేముంటుందనుకున్నాడు.

"బావా, పక్కకి తప్పుకో," అన్నాడు.

"కదలకు, కత్తి ఉంది."

"తప్పుకోమన్నానా!"

బట్టతోనే లేచాడు. బొమ్మ దగ్గరికి వెళ్ళలేదు, అద్దం దగ్గరికి వెళ్ళాడు. అద్దంలో బేకరీ చూరు కింద వేలు పెట్టాడు. నేను షెడ్డులోంచి వచ్చి చూశాను. బొమ్మలో చూరు నీడ గోడ మీద పడుతోంది. ఇంటి మొదటి నుంచి తిన్నగా వచ్చి, మధ్యలో వంతెనలా పైకి లేచి, మళ్ళీ దిగి తిన్నగా పోయింది. ఇన్నేళ్ళుగా అందరి కళ్ళ ముందే ఉంది. ఎవరికి కనబడిందీ? నేనైతే ఫ్రేము కడుతూ దాని మీద గుడ్డతో తుడిచాను కూడా.

"చూరు తిన్నగా ఉంది, గోడా తిన్నగా ఉంది, మధ్యలో నీడ ఎందుకు లేచిందిరా?" అని నన్ను అడిగాడు. జవాబు కోసం కాదు. అరచేతిని అద్దానికి అడ్డంగా, చూరులా పెట్టాడు. "గోడకి చూరు ఎంత ముందుకుంటే నీడ అంత కిందికి దిగుతుంది. గోడే ముందుకొచ్చిందనుకో, చూరు పొట్టిదైనట్టే. నీడ పైకి పోతుంది." అరచేతి కింద మామ తువ్వాలును ఉండ చేసి పెట్టాడు. ట్యూబులైటు వెలుగులో నీడ ఉండ మీద పైకి లేచింది. "పొట్ట ఉంది. నేను వేసిననాడే ఉంది. నా కన్ను చూసింది, నా చెయ్యి వేసింది."

"మరి గోడ?" అన్నాడు మామ.

"గోడని నేనెక్కడ చూశాను? పలక చేతిలోకి రాగానే ముందు దారం కొట్టేశాను. బోర్డు అనుకుని. ఆ తర్వాతే తలెత్తి వీధిని చూశాను."

ఒక చెంప నురగతో, మెడకు బట్టతో, బొమ్మ మేకులోంచి ఊడదీసి చంకన పెట్టుకుని వీధిలోకి నడిచాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. కూలీలు మొదటి ఆసరా ఎత్తుతున్నారు.

"అమ్మా, ఆ కర్ర ఆపించు. బొమ్మలో తప్పుంది."

అత్త గుమ్మంలోకి వచ్చింది. వీధి నిలబడిపోయింది, ఎందుకంటే ఆ నోటి నుంచి ఆ మాట ఎవరూ వినలేదు.

ఇంజనీరమ్మ బొమ్మ చూసింది, చెప్పింది వింది, గోడ మీద నిజం నీడను చూసింది. పొట్ట దగ్గర అదీ పైకి లేచే ఉంది. కానీ ఊరికే ఒప్పుకునే మనిషి కాదు.

"గోడ తప్పు వేశానంటున్నారు. నీడ మాత్రం సరిగ్గా వేశారని ఏమిటి నమ్మకం?"

"చెయ్యి జారితే ఎక్కడైనా జారుతుందమ్మా. సరిగ్గా పొయ్యి ఉన్నచోటే ఎందుకు జారింది? అయినా వీధిలో నా బోర్డులన్నీ చూసుకో. ఏ షాపుకి ఎండ ఎటు నుంచో, నీడ దానికి అవతలికే. గీతలో దారం మాట విన్నాను. నీడలో ఎవరి మాటా వినలేదు."

"పొట్ట అప్పుడే ఉందని తేలిందనుకుందాం," అంది ఆమె. "కానీ నాకు కావలసింది అది కాదు. ఇంతే ఉందా, అప్పుడు తక్కువుండి పెరిగిందా?"

మామ అడ్డం వచ్చాడు. "అదెలా తెలుస్తుందమ్మా? అది ఏ నెలలో వేశాడో. ఎండ ఏటవాలు నెల నెలకీ మారుతుంది కదా, నీడ పొడుగూ మారిపోతుంది."

ఇంజనీరమ్మ బొమ్మ మీద రెండు చోట్ల వేలు పెట్టి, తిరిగి గోడ వంక చూసింది. మొహం విప్పారింది.

"పొడుగు మారుతుంది. కానీ ఒకే గోడ మీద, ఒకే ఎండలో, ఇక్కడి నీడకీ అక్కడి నీడకీ ఉన్న నిష్పత్తి మారదు. తిన్నగా ఉన్నచోట నీడ ఎంత, పొట్ట మీద దానిలో ఎన్నో వంతు? అది చూస్తే చాలు. కొలబద్ద ఉందా ఎవరిదగ్గరైనా?"

నా చెవి మీది పెన్సిలూ, చేతిలోని బద్దా ఇచ్చాను. బొమ్మలో కొలిచింది. పక్కన ఉన్నదానిలో పొట్ట మీది నీడ సరిగ్గా సగం. నిచ్చెన వేయించుకుని గోడ మీద కొలిచింది. దిగి, బాబాయి చేతికి బద్ద ఇచ్చి, "మీరూ చూడండి," అంది. బాబాయి ఎక్కి కొలిచాడు. ఆ నురగ ఎండి చెంప మీద సున్నం పట్టినట్టు అయింది.

"సగం," అన్నాడు పైనుంచి.

"సగమే," అంది ఇంజనీరమ్మ. "రంగుతో వేసిన బొమ్మ కాబట్టి వేలెడు అటూఇటూ అనుకుంటాను. అయినా పెరగలేదు. పెరిగితే ఇరవై ఏళ్ళలో ఈ సగం పావు అయ్యేది." కూలీల వైపు తిరిగింది. "కర్రలు దించెయ్యండి."

బీట సంగతి మాత్రం వదల్లేదు. అద్దం ముక్క ఒకటి అడిగింది. మామ పాత చేతి అద్దం పగిలినది ఉంటే, దాన్నుంచి సన్నటి బద్ద కోసి ఇచ్చాను. బీటకు అడ్డంగా, రెండు కొసలా సున్నంతో అతికించింది. "గోడ కదిలితే ఇది పగులుతుంది. రోజూ చూసుకోండి. పగిలితే నాకు చెప్పాలి, దాచకూడదు." రొట్టెలత్త తల ఊపి, ఆమె చేతిలో వేడి రొట్టె పెట్టింది. "ఇప్పుడు తినొచ్చు కదమ్మా? గోడ సంగతి తేలిపోయిందిగా." ఇంజనీరమ్మ నవ్వి అక్కడే నిలబడి తినేసింది. వానలన్నీ వెళ్ళాయి. అద్దం అలాగే ఉంది.

ఆ రోజు అందరూ వెళ్ళాక అక్కా తమ్ముడూ ఎదురెదురుగా మిగిలారు. బాబాయి తల వంచుకుంటాడని మామా నేనూ అనుకున్నాం. కానీ ఆయన బొమ్మను గోడకు ఆనించి పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు చికిలించి చూశాడు.

"చూశావా అక్కా, ఆ నీడ? ఎంత సరిగ్గా వేశానో. అచ్చం సగం. కొలవకుండా."

"అబ్బో. నా పొయ్యి మీదికి తెచ్చింది ఎవరు?"

"అది దారం. ఆ దారం పిండి బస్తాలోంచి లాగి నా చేతికిచ్చింది ఎవరు?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "ముందు ఆ రెండో చెంప గీయించుకో. సగం మనిషిలా ఉన్నావు. చల్లారిపోతోంది, తినడానికి రా," అంది. మామూలు గొంతుతో, వీధంతా వినబడేలా.

మర్నాడు బాబాయి రంగు డబ్బాలు తెచ్చుకుని బేకరీ ముందు కూర్చున్నాడు. గోడ అడుగు గీతను చెరిపి, పొట్టతో మళ్ళీ వెయ్యాలి. అలవాటుగా జేబులో చెయ్యి పెట్టి, ఉండ తీసి, ఆగి, నా చేతికిచ్చాడు. "పట్టుకో కాసేపు," అన్నాడు. ఆ వంపు కంటితోనే వేశాడు. రొట్టెలత్త వెనక నిలబడి, "ఇంకొంచెం పొట్ట పెట్టరా, మా అత్తగారు ఊరుకోదు," అంటూనే ఉంది.

అయ్యాక ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. "ఇంత వేశావు, నన్ను కూడా వెయ్యి. గుమ్మం పక్కన."

"మనుషులు కదులుతారక్కా."

"నేను కదలను. ఆ గోడనే కదలనివ్వలేదు." లోపలినుంచి పీట తెచ్చి గుమ్మం పక్కన వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

బాబాయి పీట నుంచి మొదలుపెట్టాడు. కాళ్ళు, పలక, పలక కింద నీడ. చీర రంగు కలుపుతుండగా లోపలినుంచి వాసన వచ్చింది. అత్త ముక్కు ఎగరేసింది. ఒక్క క్షణం ఓర్చుకుంది. "వాయి మాడిపోతోందిరోయ్," అని లేచి లోపలికి పరిగెత్తింది.

"చెప్పానా," అన్నాడు బాబాయి, బ్రష్షు కడుక్కుంటూ. మళ్ళీ కూర్చోమని అడగలేదు.

బొమ్మ మళ్ళీ సెలూన్‌లో తన మేకు మీదికి వెళ్ళింది. ఇప్పుడు గోడకు పొట్ట ఉంది, గుమ్మం పక్కన ఖాళీ పీట ఉంది. మొన్న పంతులుగారు జుట్టు కత్తిరించుకుని లేచి, దాన్ని చాలాసేపు చూసి, ఎవరో వెళ్ళిపోయారని, ఇక తిరిగి రారని, ఆ పీట అదే చెప్తోందని అన్నారు.

"వస్తుందండీ," అన్నాడు బెంచీ మీద నుంచి బాబాయి. "రొట్టెలు తియ్యడానికి వెళ్ళింది."